మనవల సంభావ్యత లెక్కలు - మన లెక్కలు

(నందివాడలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మాట్లాడమన్నారే గాని దేని గురించో చెప్పలేదు. మన సమావేశాల్లో డి.ఆర్. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు ఎలాగూ వస్తాయి. వాటి మీద మాట్లాడగలవారు నాకన్నా సమర్థులు ఇక్కడే ఉన్నారు. అందుచేత నేను చేతనైన పని, అంటే లెక్కలు చెప్పడం, చేద్దామని వచ్చాను. ఈ ఏడాదిలో మన సభ్యులు ముగ్గురు తమ మనవల కోసం నన్ను ఇంటికి పిలిచారు. ముగ్గురు పిల్లలకూ కొరుకుడు పడనిది ఒకటే అధ్యాయం. పదో తరగతిలో చిన్నగా మొదలై, ఎన్నో ఏళ్లుగా ఇంటర్ రెండో సంవత్సరం 2ఎ పుస్తకం చివర ఉంటూ వచ్చిన సంభావ్యత, దాని వెనుకే యాదృచ్ఛిక చలరాశులు, సంభావ్యతా విభాజనాలు. చివర ఉంది గనుక పరీక్షల ముందు హడావుడిగా సాగుతుంది. "ఛాయిస్‌లో వదిలెయ్" అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. పిల్లలు సూత్రాలు బట్టీ పడతారు. లెక్కలో ఒక్క మాట మార్చి అడిగితే కలం ఆగిపోతుంది.

నా మనవి ఏమిటంటే, ఈ అధ్యాయం మనకు తెలియనిది కాదు. మన ఇళ్లలో, మన మాటల్లో రోజూ ఉన్నదే. కాకపోతే సగం మాటలు తప్పుగా వాడుతున్నాం. ఆ తప్పు పరీక్ష కాగితం మీద రెండు మార్కులు పోగొడుతుంది, ఊళ్లో అయితే ఇల్లు పోగొడుతుంది. ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందు అష్టాచెమ్మా. సోదరీమణులు నవ్వుతున్నారు, సంతోషం. నాలుగు గవ్వలు వేస్తాం. నోరు పైకి పడినవి ఒకటైతే ఒకటి, రెండైతే రెండు, మూడైతే మూడు, నాలుగూ పడితే చెమ్మా, అంటే నాలుగు. ఒక్కటీ పడకపోతే అష్టా, ఎనిమిది. ఇంటికో ఆచారం ఉంటుంది, ఇది మా ఇంటిది. గవ్వలు ఎలా పడ్డాయన్నది ఒక ఫలితం. ఆ ఫలితానికి మనం ఇచ్చే అంకె యాదృచ్ఛిక చలరాశి. ఇంతకు మించి అందులో రహస్యం లేదు. పిల్లవాడు నిర్వచనం చదివి "శాంపుల్ ఆవరణం నుంచి వాస్తవ సంఖ్యలకు ప్రమేయం" అని అప్పజెబుతాడు. అప్పజెప్పడంలో లోపం లేదు. దాని పక్కన ఈ గవ్వలు పెట్టాలి. గవ్వలు పడిన తీరు ఆవరణం, మనం అరిచే అంకె ప్రమేయం.

ఒక్కొక్క గవ్వ నోరు పైకి పడడానికి, కింద పడడానికి సమాన అవకాశం ఉందనుకుందాం. నాలుగు గవ్వలకు 2 × 2 × 2 × 2 = 16 విధాలు. ఒకటే పైకి పడే విధాలు 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, నాలుగూ పడేది 1, ఒక్కటీ పడనిది 1. కూడితే 16. కాబట్టి ఒకటి వచ్చే సంభావ్యత 4/16, రెండు 6/16, మూడు 4/16, చెమ్మా 1/16, అష్టా 1/16. ఈ పట్టిక పేరే సంభావ్యతా విభాజనం. ఒక్కొక్క అంకెను దాని సంభావ్యతతో గుణించి కూడండి. 4 + 12 + 12 + 4 + 8, మొత్తం 40. పదహారుతో భాగిస్తే రెండున్నర. ఇది అంకమధ్యమం. ఒక్క పందెంలో కూడా రెండున్నర పడదు. చాలాసేపు ఆడితే పందేనికి సగటున రెండున్నర గళ్లు నడుస్తామని దాని అర్థం. "పడని అంకె సగటు ఎలా అవుతుంది తాతయ్యా" అని అడిగే పిల్లవాడు దొరికితే వాణ్ణి వదలకండి, వాడికి లెక్కలు వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. గవ్వ నాణెం కాదు. దాని వీపు ఉబ్బు, నోటివైపు చదును. సమాన అవకాశమని మనకెవరు చెప్పారు? పిల్లల చేత రెండు వందల సార్లు వేయించి కాగితం మీద గీతలు గీయించండి. నూటికి అరవై సార్లు నోరు పైకి పడిందనుకోండి. అప్పుడు చెమ్మా సంభావ్యత 0.6ను నాలుగుసార్లు గుణిస్తే 0.1296. అష్టా సంభావ్యత 0.4ను నాలుగుసార్లు గుణిస్తే 0.0256. అంటే చెమ్మా ఐదుసార్లు పడేలోగా అష్టా ఒక్కసారి. గవ్వలోని ఆ కాస్త వంకర ఇంత తేడా తెచ్చింది. ద్విపద విభాజనం మొత్తం ఈ రెండు గుణకారాల్లో ఉంది. పుస్తకం "నిష్పాక్షిక నాణెం" అని రాసినప్పుడు ఆ నిష్పాక్షికమన్న మాట ఎందుకు పెట్టిందో పిల్లలకు గవ్వల వల్ల తెలుస్తుంది, గైడ్ల వల్ల తెలియదు.

ఇక పరీక్షల్లో తరచు కనిపించే రకం ఒకటి. చలరాశి 0, 1, 2, 3 విలువలు తీసుకుంటుంది. వాటి సంభావ్యతలు వరుసగా 2క, క, 3క², 7క². క విలువ, అంకమధ్యమం, విస్తృతి కనుక్కోమంటారు. పిల్లలు బిక్కచచ్చిపోతారు. పట్టుకోవలసింది ఒక్కటే: అన్ని సంభావ్యతలూ కలిపితే ఒకటి కావాలి. 3క + 10క² = 1. ఇది వర్గ సమీకరణం. (5క - 1)(2క + 1) = 0. క విలువ 1/5 గాని, -1/2 గాని. ఇక్కడ చాలామంది రెండో విలువను "వదిలివేయగా" అని రాసి ఊరుకుంటారు. ఎందుకు వదిలారో రాయాలి. క = -1/2 అయితే మొదటి సంభావ్యత -1 అవుతుంది. సంభావ్యత సున్నాకు తక్కువ ఉండదు. ఆ ఒక్క వాక్యం రాసిన పిల్లవాడు లెక్క అర్థమై చేశాడని దిద్దేవాడికి తెలుస్తుంది. క = 1/5 పెడితే సంభావ్యతలు 10/25, 5/25, 3/25, 7/25. కలిపితే 25/25, సరిపోయింది. అంకమధ్యమం (5 + 6 + 21)/25 = 32/25, అంటే 1.28. వర్గాల సగటు (5 + 12 + 63)/25 = 3.2. దానిలోంచి 1.28 వర్గం 1.6384 తీసేస్తే విస్తృతి 1.5616. సంభావ్యతల మొత్తం ఒకటి వచ్చిందో లేదో సరిచూసుకోకుండా ముందుకు పోవడం చిట్టా మొత్తం కట్టకుండా క్యాష్ అప్పజెప్పడం లాంటిది. ట్రెజరీలో పనిచేసిన మన మిత్రులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నేను ముందు అన్న మాటకు వస్తున్నాను. ఈ అధ్యాయంలో "కనీసం ఒకసారి" అన్న మాట కనిపించగానే పిల్లలు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు అంటూ అన్నీ విడివిడిగా లెక్కగడతారు. దారి అటు కాదు. ఒక్కసారి కూడా జరగకపోవడమెంతో కనుక్కుని ఒకటిలోంచి తీసెయ్యాలి. రెండు పంక్తుల పని.

ఈ రెండు పంక్తుల పనిని మన ఊరి మీద పెట్టి చూడండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడలో సింగ్‌నగర్‌ను ముంచిన సంగతి దేశమంతా టీవీల్లో చూసింది. ఆ నీరు దిగువకు వచ్చి మన నందివాడ మండలం ఊళ్లలోకి, చేలలోకి, చేపల చెరువుల్లోకి ఎక్కిన సంగతి మనకే తెలుసు. బుడమేరు కొల్లేటికి, కొల్లేరు ఉప్పుటేరు గుండా సముద్రానికి, ఇదీ దారి. నీరు తీసిన తరువాత అరుగుల మీద ఒక మాట వినిపించింది: "ఇలాంటిది నూరేళ్లకోసారి వస్తుంది, వచ్చిపోయింది, ఇక మన మనవల కాలం దాకా భయం లేదు." ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన ఈ మాట నమ్మి పునాది రెండడుగులు తగ్గించుకున్నాడు. డబ్బు మిగిలిందని సంతోషపడ్డాడు కూడా.

నూరేళ్లకోసారి అంటే వరద క్యాలెండర్ చూసుకుని వస్తుందని కాదు. ఏ సంవత్సరం తీసుకున్నా అది వచ్చే సంభావ్యత నూటికి ఒకటి అని. నిరుడు వచ్చిందన్న సంగతి వరదకు గుర్తుండదు. ఒక ఏడు రాకపోవడానికి సంభావ్యత 0.99. ముప్ఫై ఏళ్లు వరుసగా రాకపోవాలంటే 0.99ను ముప్ఫైసార్లు గుణించాలి, 0.74 వస్తుంది. ఒకటిలోంచి తీస్తే 0.26. ముప్ఫై ఏళ్లు నిలవాలని కట్టే ఇంటికి కనీసం ఒకసారి ఆ నీరు తగలడానికి నాలుగింట ఒక వంతు పైన అవకాశం. నాలుగు గవ్వల్లో ఒకటి మీ ఇంటి మీద పెట్టి ఆడతారా?

ఇందులో రెండు ఊహలున్నాయి, దాచకూడదు. ఏటికేడు స్వతంత్రమని ఒకటి, ఆ నూటికొకటి మారదని రెండోది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 2009 అక్టోబరులో సుమారు 11 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చింది. అంత వరదను నూరేళ్లకోసారి వచ్చేదనుకుంటే, పదహారు వర్షాకాలాల్లో రెండుగాని అంతకు మించిగాని రావడానికి సంభావ్యత నూటికి ఒకటి మాత్రమే. జరిగిపోయాక పదహారేళ్లు ఏరుకుని వేసిన లెక్క గనుక ఇది రుజువు కాదు. అయినా అనుమానించవలసింది కృష్ణమ్మను కాదు, మనం మొదట వేసుకున్న నూటికొకటి అనే అంకెను. వాగులు పూడితే, వాగు గట్ల మీద ఇళ్లు లేస్తే ఆ అంకె పెరుగుతుంది. తుపానుల సంగతీ అంతే. బందరు ఉప్పెన 1864 నవంబరు 1న, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. మధ్య 113 ఏళ్లు. ఆ రెండు తేదీలు చూసే మన పెద్దలకు నూరేళ్ల మాట అలవాటై ఉంటుంది. కాని 1977 తరువాత పదమూడేళ్లకే 1990 మే 9న మళ్లీ పెద్ద తుపాను ఈ తీరానికే వచ్చింది. అప్పుడు ప్రాణనష్టం 1977తో పోలిస్తే ఎంతో తక్కువ. కారణం అవకాశం కలిసిరావడం కాదు, ముందే హెచ్చరించి జనాన్ని తరలించడం.

ఈ "వచ్చిపోయింది గనుక రాదు" అనే మాటకు తోబుట్టువు ఇంకొకటి మన ఇళ్లలోనే ఉంది. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు గనుక నాలుగోవాడు తప్పక మగపిల్లవాడే అనడం. ఈ మాట ఎందరు కోడళ్ల ఆరోగ్యం మీదకు తెచ్చిందో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. నాలుగో కాన్పుకు మొదటి మూడూ తెలియవు. మళ్లీ ఇంచుమించు సగానికి సగమే. స్వతంత్ర ఘటనలకు పుస్తకంలో పాచికల ఉదాహరణ ఇస్తారు. నేనైతే ఇదే ఇస్తాను.

నూరేళ్ల లెక్కతోనే పాయిజాన్ విభాజనం కూడా చెప్పేయవచ్చు. నూరేళ్లలో నూరేళ్ల వరద సగటున ఒకసారి. అసలు రాకపోవడం ఎంత? 0.99ను నూరుసార్లు గుణిస్తే 0.366. పాయిజాన్ సూత్రంలో సగటు, అంటే లాంబ్డా, 1 అని పెడితే 0.368. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అవకాశం చిన్నది, ప్రయత్నాలు చాలా అయినప్పుడు ద్విపద లెక్క పాయిజాన్‌లోకి దిగుతుందని పుస్తకం చెప్పేది ఇదే. ఫ్రాన్సు దేశపు పాయిజాన్ దీన్ని 1837లో అచ్చువేసిన గ్రంథంలో ఇచ్చాడు. అరవై ఏళ్ల తరువాత 1898లో బోర్ట్‌కీవిచ్ అనే ఆయన ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్క తీశాడు. పది దళాలు, ఇరవై ఏళ్లు, అంటే 200 పద్దులు. మొత్తం చావులు 122, పద్దుకు సగటు 0.61. ఒక్క చావూ లేని పద్దులు 109. పాయిజాన్ సూత్రం చెప్పేది 108.7. ఒక చావు ఉన్నవి 65, సూత్రం ప్రకారం 66.3. రెండున్నవి 22, సూత్రం ప్రకారం 20.2. ఏ గుర్రం ఎవణ్ణి ఎప్పుడు తంతుందో ఎవరూ చెప్పలేరు. అన్నీ కలిపితే మాత్రం లెక్క ప్రకారం నడిచాయి. ప్రభుత్వోద్యోగం చేసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. ఏ రోజు ఎవరు సెలవు పెడతారో తెలియదు గాని ఏడాదికి ఎన్ని సెలవు చీటీలు వస్తాయో హెడ్ క్లర్కుకు నోటికి తెలుసు.

పరీక్షలో పాయిజాన్ మీద సాధారణంగా ఇలా అడుగుతారు: ఒకటి అయ్యే సంభావ్యత, రెండు అయ్యే సంభావ్యత సమానమైతే అయిదు అయ్యే సంభావ్యత ఎంత? సమానమని రాయగానే రెండు వైపులా ఉన్న ఘాతాంకం కొట్టిపోతుంది. లాంబ్డా = లాంబ్డా వర్గంలో సగం. లాంబ్డా సున్నా కాదు గనుక 2. అయిదుకు: 2 యొక్క అయిదో ఘాతం 32, దాన్ని 120తో భాగించి 0.1353తో గుణిస్తే సుమారు 0.036. పిల్లలు తప్పేది ఆ 120 దగ్గర. అయిదు క్రమగుణితాన్ని అయిదని వేస్తారు.

ద్విపద విభాజనానికి ఎంసెట్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఈఏపీసెట్ అయింది గాని మన నోటికి ఎంసెట్టే. 160 ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు జవాబులు, తప్పుకు మార్కు కోత లేదు. ప్రశ్నాపత్రం చదవకుండానే 160కీ గుడ్డిగా గీస్తే సగటున వచ్చేది 160ని నాలుగుతో భాగిస్తే వచ్చే 40. ఇంజనీరింగుకు సాధారణ అర్హత మార్కు 25 శాతం, అదీ 40. అంటే ఏమీ చదవనివాడు అర్హత పొందడానికి ఇంచుమించు సగానికి సగం అవకాశం ఉన్నదన్నమాట. మీరు నవ్వుతున్నారు గాని నేను నవ్వడం లేదు. "మావాడు క్వాలిఫై అయ్యాడు" అని మిఠాయి పంచే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. అయితే విస్తృతి కూడా చూడండి. 160 × 1/4 × 3/4 = 30. దాని వర్గమూలం, అంటే క్రమ విచలనం, సుమారు 5.5. గుడ్డిగా గీసేవాడికి 30కీ 50కీ మధ్య రావడమే మామూలు. 80 రావాలంటే సగటుకు ఏడు విచలనాలు పైన, అది జరగదు. 80 వచ్చినవాడు చదివినవాడే.

కొంచెం విరామంగా మన పుట్టినరోజుల సంగతి చెబుతాను. ఏ 23 మంది ఒకచోట చేరినా వారిలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే కావడానికి సగం పైన, 0.507, సంభావ్యత ఉంది. 40 మంది ఉంటే 0.89. ఇక్కడా "కనీసం" ఉంది, ఇక్కడా తిరగేసి లెక్కగట్టాలి: అందరివీ వేర్వేరు కావడమెంతో చూసి ఒకటిలోంచి తీసెయ్యాలి. ఈ హాలులో నలభై మంది పైనే ఉన్నాం. కాని ఈ లెక్క సంవత్సరంలో అన్ని రోజులకూ సమాన అవకాశం ఉందనుకుని వేసింది. మన తరానికి అది వర్తించదని మీకందరికీ తెలుసు. బడిలో వేసిన రోజున మేష్టారు నోటికొచ్చిన తేదీ వేశారు. సర్వీసు రిజిస్టర్లు తీస్తే జూలై 1 పుట్టినవారు ఎందరో, వారంతా జూన్ 30న రిటైరైనవారే. మర్నాటి ఇంక్రిమెంటు పోయిందని వారు పడిన తగవు 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో గాని తేలలేదు. పిల్లలూ, అన్ని రోజులకూ సమాన అవకాశం లేకపోతే ఇద్దరి తేదీ కలిసే సంభావ్యత పెరుగుతుందే గాని తగ్గదు. ఎందుకో ఆలోచించండి.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా వినవలసిన లెక్క. బేయీ సిద్ధాంతం. పుస్తకంలో సంచులు, వాటిలో ఎర్రబంతులు, తెల్లబంతులు. మన వయస్సువాళ్లకు అది డయాగ్నస్టిక్ సెంటర్. ఒక జబ్బు నూటికి ఒకరికి ఉందనుకోండి. పరీక్ష జబ్బున్నవారిలో నూటికి 90 మందిని పట్టుకుంటుంది. జబ్బు లేనివారిలో నూటికి అయిదుగురికి కూడా పొరపాటుగా ఉందని చూపిస్తుంది. ఇవి లెక్క కోసం నేను వేసిన అంకెలు. మీకు రిపోర్టులో "పాజిటివ్" అని వచ్చింది. జబ్బు ఉన్నట్టేనా? చాలామంది నూటికి తొంభై అంటారు. ఆ రాత్రి నిద్ర ఉండదు, పిల్లలకు ఫోన్లు వెళతాయి.

సూత్రం పక్కనపెట్టి మనుషుల్ని లెక్కపెట్టండి. పదివేల మంది వచ్చారు. జబ్బున్నవారు 100. వారిలో పాజిటివ్ 90. లేనివారు 9,900. వారిలో నూటికి అయిదు చొప్పున పొరపాటు పాజిటివ్‌లు 495. మొత్తం పాజిటివ్ రిపోర్టులు 585. అందులో నిజంగా జబ్బున్నవి 90. భాగిస్తే నూటికి 15. అంటే భయపడవలసిన పని ఉంది, బెంబేలు పడవలసిన పని లేదు. మొదటి దానితో సంబంధం లేని రెండో పరీక్షా పాజిటివ్ అయితే అప్పుడు నూటికి 77 దాకా వెళుతుంది, వైద్యం మాట అప్పుడు. అయితే ఇది లక్షణాలేమీ లేకుండా ఊరికే పరీక్ష చేయించుకున్నవారి లెక్క. దగ్గు, ఆయాసంతో వెళ్లినవారికి మొదటి అంకె నూటికొకటి కాదు, చాలా ఎక్కువ. కాబట్టి డాక్టరు గారి దగ్గర నా పేరు చెప్పి వాదించకండి. పిల్లలకు మాత్రం ఈ పదివేల మంది పద్ధతే నేర్పండి. సూత్రం మరిచిపోయినా జవాబు వస్తుంది.

బేయీ అనే ఆ ఇంగ్లండు మతాచార్యుడు 1761లో పోయాడు. ఆయన కాగితాలు వెదికి 1763లో అచ్చుకు పంపిన మిత్రుడు రిచర్డ్ ప్రైస్. ఆ ప్రైస్ 1771లో వితంతువులకు, వృద్ధులకు ఇచ్చే వార్షిక భృతుల లెక్కల మీద పెద్ద పుస్తకం రాశాడు. కాబట్టి మనవాడి పుస్తకంలో ఆ అధ్యాయానికీ మన పింఛనుకూ దూరపు చుట్టరికం ఉంది.

ఆ చుట్టరికం కమ్యుటేషన్‌లో బయటపడుతుంది. నెలకు వంద రూపాయల పింఛను వదులుకుంటే ఒక్కసారిగా ఎంత ఇవ్వాలి? మనం ఎన్నాళ్లు బతుకుతామన్నది యాదృచ్ఛిక చలరాశి. ఇవ్వవలసింది దాని మీద ఆధారపడిన మొత్తానికి అంకమధ్యమం, వడ్డీ తీసివేసి. కేంద్ర ప్రభుత్వం 2008లో తెచ్చిన పట్టికలో, రాబోయే పుట్టినరోజుకు 61 నిండేవారికి గుణకం 8.194. దాన్ని ఎల్.ఐ.సి. మరణాల పట్టిక, 8 శాతం వడ్డీ మీద కట్టారు. వందకు 100 × 12 × 8.194 = 9,832 రూపాయల 80 పైసలు. పదిహేనేళ్లలో మన దగ్గర పట్టుకునేది 18,000. "ఎనిమిది వేలు తినేశారు" అని మన సభ్యులు కొందరంటారు. వడ్డీ లేకుండా తీసివేత చేయడం సరికాదు, ఇప్పటి వంద, పదిహేనేళ్ల తరువాతి వంద ఒకటి కావు. అడగవలసింది వేరు. వడ్డీ రేటు తగ్గితే ఈ గుణకం పెరగాలి. జనం ఆయుర్దాయం పెరిగినా పెరగాలి. పట్టికలోని ఆ రెండు అంకెలూ ఎప్పటికప్పుడు తిరగరాస్తున్నారా అన్నదే మన సంఘాలు మహజర్లలో రాయవలసిన ప్రశ్న. వట్టి తీసివేత పట్టుకుని వెళితే అవతలి గణాంకాధికారి రెండు నిమిషాల్లో పంపేస్తాడు.

ఈ శాస్త్రం మనది కాదనే పిల్లలకు ఒక్క పేరు చెప్పండి. సి.ఆర్. రావు గారు. 1920లో కన్నడ సీమలోని హడగలిలో పుట్టిన తెలుగువారు. చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. నూజివీడు, నందిగామ అంటే మన పాత కృష్ణా జిల్లాయే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, 1943లో కలకత్తాలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. 1945లో, ఇరవై అయిదేళ్లకు, ఆయన ప్రచురించిన ఒక్క వ్యాసంలోని ఫలితాలు ఇవాళ ప్రపంచమంతా స్టాటిస్టిక్స్ పుస్తకాల్లో ఆయన పేరుతోనే ఉన్నాయి. ఒక అంచనా ఎంత మంచిదైనా దాని విస్తృతి ఇంతకన్నా తగ్గదు అని చెప్పే హద్దు వాటిలో ఒకటి. మనవాడు 3.2లోంచి 1.6384 తీసివేసి సాధించిన ఆ విస్తృతే. 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి. ఆ ఏడాదే ఆగస్టు 22న, నూట రెండేళ్ల వయస్సులో పరమపదించారు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. వెనుక వరుస పిల్లలకు ఒక లెక్క ఇచ్చి కూర్చుంటాను. గవ్వలు దొరకని ఇంట్లో చింతపిక్కలు ఒకవైపు అరగదీసి ఆడతాం. అలాంటి పిక్కలు అయిదు వేశాం. తెలుపు, నలుపు పడడానికి సమాన అవకాశం అనుకుందాం. కనీసం రెండు తెల్లగా పడే సంభావ్యత ఎంత? జవాబు నేనే చెప్పేస్తున్నాను, పదహారింట పదమూడు వంతులు. అది ఎలా వచ్చిందో భోజనాల దగ్గర నాకు వచ్చి చెప్పాలి. తరువాత ఆ పిక్కలు నిజంగా వేసి చూసి, సమాన అవకాశమన్న నా మాట నిజమో కాదో కూడా చెప్పాలి.